రాతగాడు రెండు, రాతగాడు ఏడు

నేను చెప్పేదాంట్లో సగం కోసేసి మిగతా సగం నమ్మండి, చాలు. మా ఊళ్లో అందరూ అలాగే వింటారు. నా పేరు సింహాద్రి. తునిలో రిజిస్ట్రారాఫీసు ఎదురుగా నాది గోలీసోడా బండి. నేను గోలీ కొట్టేనంటే ఆ కూతకి స్టేషన్లో ఆగిన రైలు, సిగ్నలిచ్చేరనుకుని కదిలిపోయేది. ఒకసారి కాదు. ఆఖరికి రైలు డ్రైవరే వచ్చి, బాబ్బాబు, బండి కాస్త సందులోకి జరుపుకోవా అని బతిమాలితే జరిపేను. అదీ మన సంగతి.

ఇవాళ చెప్పేది నా సంగతి కాదులెండి. మా బావది. దీంట్లో కోసెయ్యడానికి పెద్దగా ఏమీ దొరకదు మీకు.

మా బావ పేరు ముసలయ్య. పుట్టినప్పుడే ఆ పేరు పెట్టేశారు కాబట్టి జన్మలో ఒక్క రోజు కూడా కుర్రాడిగా ఉండలేదన్నమాట. దస్తావేజు రైటరు. ఇల్లమ్మినా, పొలం కొన్నా, అన్నదమ్ములు విడిపోయినా మా బావ కొట్లోకొచ్చి చెప్పుకోవాలి, ఆయన కంప్యూటర్లో రాసిపెట్టాలి, అప్పుడే ఆఫీసు మెట్లెక్కాలి. మనిషికి ముందు మీసం వచ్చేది, తర్వాత ఆయనొచ్చేవాడు. కళ్లజోడు తాడు చెవికి కాదు, ఆ మీసం కొసకి కట్టుకునేవాడు. నిజం, నేనే ముడేసేను ఒకసారి.

ఆయన నోటికీ చేతికీ చుట్టరికం లేదు. చేత్తో రాస్తే ‘మహారాజశ్రీ’ లేకుండా మొదలెట్టేవాడు కాదు. నోరు తెరిస్తే తిట్టు లేకుండా మాటొచ్చేది కాదు. మా అక్క వరహాలమ్మని, "ఏమే వరాలూ, నీ నడుం విరగ, మజ్జిగిస్తావా, నన్నే చిలుక్కోమంటావా" అనేవాడు. "చిలుక్కో, ఆ మీసం ఉంది కదా కవ్వానికి" అనేది అక్క. వాళ్లకి పిల్లల్లేరు. ఇంట్లో సందడంతా ఆ తిట్లదే.

ఆయన కొట్లో రాసే కంప్యూటర్లో సాఫ్ట్‌వేరు పేరు రాతగాడు రెండు. అప్పటికే ఊరంతా రాతగాడు ఏడుకి మారిపోయింది. వీధి చివరి కుర్ర రైటర్లు ఒక మాట కొడితే చాలు, మిగతా కాయితమంతా అదే రాసేసేది. వాళ్లు టీ తాగుతూ కూర్చునేవారు.

"బావా, నువ్వూ మార్చు. ఎంతసేపని ఆ టకటకా?" అన్నాన్నేను.

"ఒరే సోడాగా, పాతది చెప్పింది రాస్తాది. కొత్తది చెప్పబోయేది రాస్తాది. నేను ‘అ’ నొక్కితే ‘అమ్మకం’ అంటాది ఆ ఎదవది. నేను ‘అప్పడం’ అనబోయేనేమో దానికేం తెలుసు?"

"దస్తావేజులో అప్పడం ఎందుకొస్తాది బావా?"

"వస్తాదో రాదో నేను చెప్పాలి. అది కాదు."

అలా చెప్పిన మనిషి ఒకనాడు కొట్లో కూర్చుని పార్టీకి, అంటే కాయితం రాయించుకోడానికొచ్చినాయనకి, హద్దులు చదివి వినిపిస్తున్నాడు. తూర్పు చదివేడు. పడమర చదివేడు. ఉత్తరం దాకా వచ్చి ఆగిపోయేడు. పార్టీ ఆయన దక్షిణం కోసం చూస్తన్నాడు. నేను రోడ్డివతలనుంచి చూస్తన్నాను. దక్షిణం రాలేదు. వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి, తల మాత్రం పక్కకి వాలింది.

పక్షవాతం. ప్రాణం ఉంది. మింగుతాడు, రెప్ప వేస్తాడు, కూర్చోబెడితే కూర్చుంటాడు. కాలూ చెయ్యీ నోరూ లేవు. మా అక్క వారం పాటు ఆయన ముందు కూర్చుని ఆయన్నే తిట్టింది, తిరిగి తిడతాడేమోనని. ఆయన రెప్ప వేసేడు.

అప్పుడొచ్చేరండి డాక్టర్ ఇందుమతి గారని, విశాఖలో కొండమీద ఒక పరిశోధనశాల నుంచి. ఇలాంటివాళ్ల కోసమే ఊరూరా తిరుగుతున్నారట. సంచీలోంచి ఒక పట్టీ తీసేరు. జలగలాగుంది. బావ దవడకింద అంటించేరు. మాట గొంతుదాకా రాకపోయినా, మనసులో అనుకున్నప్పుడే లోపల నరం సన్నగా అదురుతుందంట. ఆ అదురు ఈ జలగ పట్టుకుని కంప్యూటర్‌కి అందిస్తాది.

"ఏ కంప్యూటర్ వాడేవారు?" అనడిగేరు ఆవిడ.

అక్క కొట్లోది చూపించింది. రాతగాడు రెండు. డాక్టరమ్మ నవ్వేరు గానీ, సరే దీంతోనే మొదలెడదాం అన్నారు. ఎందుకంటే బావ బుర్రలో ఆయన వేళ్లు ఇంకా ఆ కీల మీదే ఉన్నాయి. ఒక్కో అక్షరం నొక్కినట్టు అనుకుంటే, ఆ అక్షరం తెరమీద పడతాది. అంతే. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

మొదటిరోజు చెప్తాను. పొద్దున్న మొదలెడితే టిఫినేళకి తెరమీద ఒక మాట తేలింది. అక్క ఏడో తరగతి దాకా చదివింది, కూడబలుక్కుని చదివింది. ‘ఎదవ.’

నేనూ అక్కా ఒకర్నొకరం చూసుకున్నాం.

"నిన్నేరా" అంది అక్క.

"నన్నెందుకంటాడు? పక్కన కూర్చున్నది నువ్వు."

భోజనాలేళకి రెండో మాట వచ్చింది. ‘ఫ్యాను.’ మేం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. సాయంత్రం కాకులు తిరిగొచ్చే వేళకి మూడోది. ‘ఆపు.’ ఎదవ ఫ్యాను ఆపు. పొద్దుట్నుంచీ పాపం చలేస్తోంది మనిషికి. అక్క లేచి ఫ్యాను ఆపి, గోడకి ఆనుకుని, కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. నేనైతే ఆ రోజు బజార్లో కనబడ్డ ప్రతివాడికీ సోడా తాగించేను. ఎవరు తాగేరో నాకే తెలీదు, ఆవులు కూడా తాగినట్టున్నాయి.

అలా గడిచింది కొన్నాళ్లు. రోజుకి నాలుగు మాటలు, అందులో మూడు తిట్లు. మా లోవరాజు అని మంగలి ఇంటికొచ్చి గెడ్డం గీసేవాడు. బావ బాగున్నప్పట్నుంచీ వాడిదొక హాస్యం. కత్తి నూరుకుంటూ ప్రతిసారీ, "మీసం తీసెయ్యమంటారా రైటరు గారూ?" అంటాడు. బావ వాడి వంశంలో ఎవరో ఒకర్ని తిడతాడు. అదయ్యాకే పని మొదలు. అదొక శాస్త్రంలాగైపోయింది వాళ్లిద్దరికీ. పక్షవాతం వచ్చేక కూడా వాడు అడగడం మానలేదు. అడిగి, గెడ్డం గీసి, రైల్వే కాలనీలో మరో నలుగురికి చేసి తిరిగొచ్చి చూస్తే తెరమీద ‘నీ’ ఉండేది. బజారెళ్లి వచ్చేసరికి ‘తాతది’ చేరేది. ‘తియ్’ కోసం వాడు మా అరుగుమీద కూర్చుని కునుకు తీసేవాడు. అది పడ్డాక లేచి, తృప్తిగా పెట్టె సర్దుకుని వెళ్లిపోయేవాడు.

డాక్టరమ్మ ఇదంతా చూసి బాధపడ్డారు. "ఒక్క వాక్యానికి ఒక పూటా? ఇది బతుకు కాదమ్మా. కొత్తది పెడదాం" అన్నారు.

కొత్తదంటే రాతగాడు ఏడు. అది మొత్తం మాట అనుకునేదాకా ఆగదు. తోక దొరికితే చాలు, మిగతా పామునంతా అదే బయటికి లాగుతాది. లాగి తెరమీద రాస్తాది, పైకి చదువుతాది కూడా. అయితే ఆ మనిషి ఎలా మాట్లాడతాడో దానికి ముందు నేర్పాలి.

"ఆయన రాసినవేమైనా ఉంటే ఇవ్వండి. ఎంత ఎక్కువ ఇస్తే అంత ఆయనలా మాట్లాడుతుంది" అన్నారు డాక్టరమ్మ.

"ఎలాంటివమ్మా?"

"ఏవైనా. మీకు రాసిన ఉత్తరాలు, ఫోన్లో మెసేజీలు."

"నాకా, ఉత్తరమా?" అంది అక్క. "పెళ్లయ్యాక ఒక్క పూట నన్నొదిలి ఉంటే కదా రాయడానికి. ఫోన్లో కూడా తిట్టడమే గానీ రాయడం లేదు. కొట్లో రాసినవైతే గుట్టలున్నాయి."

ఆ కంప్యూటర్‌కి పసుపూ కుంకం పెట్టి ఇచ్చిందండి మా అక్క. "ఆయన జన్మంతా రాసింది ఇందులోనే ఉందమ్మా, జాగ్రత్త" అని చెప్పి మరీ. ఎవరిదీ తప్పు కాదు. రైటరు ఇంట్లో రాత అంటే దస్తావేజే కదా మరి. నోటితో అన్నవి ఎవరు రాసుంచుతారు?

విశాఖలో ఆ పరిశోధనశాలలోనే కొత్తది తగిలించేరు. చుట్టూ తెల్లకోట్లవాళ్లు. బావ కుర్చీలో. ముందు మీరే మాట్లాడండమ్మా అన్నారు. అక్క గొంతు సవరించుకుని, "ఏమండీ, మజ్జిగ తాగుతారా?" అంది.

రెప్పపాటు కూడా పట్టలేదు. కొత్త కంప్యూటర్ పెట్టెలోంచి వార్తలు చదివే గొంతొకటి లేచింది.

"నా భార్యయగు శ్రీమతి వరహాలమ్మ, గృహిణి, గారికి తెలియజేయునదేమనగా, తూర్పు నీళ్లబిందెయు, పడమర పోపులడబ్బాయు, ఉత్తరం పీటయు, దక్షిణం గోడయు, ఈ నాలుగు హద్దుల మధ్య గల గ్లాసునందలి మజ్జిగను నేను నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతం గానీ ప్రోద్బలం గానీ లేకుండా స్వీకరించుటకు సమ్మతించడమైనది."

తెల్లకోట్లవాళ్లు చప్పట్లు కొట్టేరు. నేను నవ్వి నవ్వి కుర్చీలోంచి జారేను. అక్క కూడా నవ్విందండి, అబద్ధం చెప్పకూడదు. బావ కళ్లల్లో కూడా ఏదో మెరిసింది, ఆ మొదటిరోజు.

"అలవాటు పడుతుంది. కొన్నాళ్లకి మామూలు మాటలు నేర్చుకుంటుంది" అన్నారు డాక్టరమ్మ.

తునిలో ఇల్లు తిరణాలైపోయింది. జనం వచ్చి బావని ప్రశ్నలడగడం, ఆయన దస్తావేజు చెప్పడం. నేనూ అడిగేను, "బావా, నా సోడా ఎలా ఉంది?" అని. "సదరు సోడాపై ఎట్టి అప్పులు, తాకట్టులు, కోర్టు జప్తులు లేవని హామీ ఇవ్వడమైనది" అంది పెట్టె. ఆ మాట నా బండిమీద రాయించేను. పని కూడా మొదలైంది. పార్టీలు వచ్చి వివరాలు చెప్తే చాలు, ఊపిరి తీసేలోగా కాయితం తయారు. కుర్ర రైటర్లు కుళ్లుకున్నారు. పక్షవాతం వచ్చి బాగుపడ్డ మనిషి మా బావొక్కడే అనేవాడు ప్రతివాడూ.

అక్క నవ్వడం ఎప్పుడు మానేసిందో నాకు తెలీలేదు. ఒకరోజు సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా అంది. "ఒరే సింహాద్రీ, ఆయన నన్ను గారూ అంటన్నాడ్రా."

"గౌరవమే కదే."

"ఇవాళ కావాలని కూర మాడబెట్టేను. బొగ్గు. నోట్లో పెట్టేను. సదరు కూరని యథాతథ స్థితిలో స్వీకరించేడంట."

"పోనీలే, మొగుడు మారేడనుకో."

అక్క తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

ఆ మర్నాడో, ఆ తర్వాతో, నేను ఐసు కోసం వాళ్లింటి మీదుగా వెళ్తూ లోపలికి తొంగిచూసేను. లోవరాజు వసారాలో నించున్నాడు. చేతిలో కత్తి తెరిచే ఉంది. వాడి మొహంలో నెత్తురు లేదు.

"ఏమైందిరా?"

"నేను ఎప్పట్లాగే అడిగేను బాబూ. మీసం తియ్యనా అని. ఎప్పుడూ అడిగేదే కదా."

"ఆఁ. అయితే?"

"పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతం లేకుండా నాకు దఖలు పరిచేనన్నారు. ఇక దానిమీద ఆయనకి గానీ ఆయన వారసులకి గానీ హక్కు లేదన్నారు. నేను నమ్మక మళ్లీ అడిగేను. మళ్లీ అదే చదివింది. ఊరందరికీ రాసిచ్చే మనిషి అంత గట్టిగా రాసిచ్చేక, కాదనడానికి నేనెవణ్ణి బాబూ?"

లోపలికి చూసేను. బావ కుర్చీలో కూర్చునున్నాడు. ముక్కుకింద కేలండరు తీసిన గోడలాగుంది. ముందు గుర్తుపట్టలేదు నేను. ఎవరో చుట్టాలొచ్చేరనుకున్నాను.

అక్క పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూసింది. అరుస్తాదనుకున్నాను. అరవలేదు. దగ్గరికెళ్లి, ఆ తెల్లటి చోట అంటుకున్న సబ్బునురగ కొంగుతో తుడిచింది.

"మీకు బాధగా లేదా?" అంది.

"ఎట్టి అభ్యంతరమూ లేదు" అంది పెట్టె.

నేను బావ కళ్లల్లోకి చూసేను. పాతది ఉన్నప్పుడు, నోరు లేకపోయినా ఆ కళ్లు తిట్టేవి. ఇప్పుడు, దూరప్రయాణం బస్సులో కూర్చున్నవాడు రోడ్డువైపు చూస్తాడు చూడండి, అలా చూస్తన్నాడు మమ్మల్ని.

"లోవరాజూ, నువ్వెళ్లు. నీ తప్పేం లేదు" అంది అక్క. వాడు పెట్టె సర్దుకోకుండానే వెళ్లిపోయేడు. మర్నాడు నేనే పట్టుకెళ్లి ఇచ్చేను.

ఆ నెలలోనే డాక్టరమ్మ మమ్మల్ని మళ్లీ విశాఖ రమ్మన్నారు. పట్టీ చెమటకి జారిపోతోంది కదా, దాన్ని ఎముక లోపల నాటేస్తాం, ఇక జన్మలో తియ్యక్కర్లేదు అన్నారు. ముసలయ్యగారిదే మొట్టమొదటిది అవుతుందన్నారు. దానికి ఒక్కటే షరతు. రోగి తన సమ్మతి తన మాటల్లో చెప్పాలి. నాటేక మటుకు పాత రాతగాడితో ఇక పొత్తు కుదరదు, లోపల నాటేది ఆ పాతదాని భాష వినదు.

గదిలో బల్ల. బల్లమీద కాయితాలు. డాక్టరమ్మ బావ ముందు వంగి, "ముసలయ్యగారూ, మీకు ఈ ఆపరేషన్ సమ్మతమేనా?" అనడిగేరు.

"నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతం గానీ ప్రోద్బలం గానీ లేకుండా..." అని మొదలెట్టింది పెట్టె. అందరూ తలూపుతున్నారు.

"ఆగండమ్మా" అంది అక్క. "ఈ ముక్క ఆయన పెళ్లికి ముందునుంచీ రాస్తన్నాడు. తునిలో అమ్ముడైన ప్రతి గోడకీ రాసేడు. ఇది ఆయన మాట కాదు. కాయితం మాట. పాతది పెట్టి అడగండి."

డాక్టరమ్మ కాదనలేదు. మంచావిడ. పాత కంప్యూటర్ తెప్పించేరు. అక్క పెట్టిన కుంకం దానిమీద ఇంకా ఉంది. పాత పట్టీ అంటించి, అదే ప్రశ్న మళ్లీ అడిగేరు.

తెరమీద తెల్ల కాయితం. మూలన గీత ఒకటి మిటుకు మిటుకుమంటోంది. మేం చూస్తన్నాం. టీలొచ్చేయి, చల్లారేయి. కిటికీలోంచి కింద ఓడ ఒకటి రేవులోకొచ్చి ఆగింది. గీత మిటుకు మిటుకుమంటోంది. ఒక్క అక్షరం పడలేదు.

"లోపల అదురే లేదు" అన్నారు డాక్టరమ్మ, పక్కనున్న మిషను చూసి. "ఆయనకి అనుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది కదమ్మా. అది ఎలాగూ అనేస్తుంది. అందుకని లోపల మానేశారు."

నాకు అర్థమైంది ఇదీ. పసిపిల్లకి ముద్ద నమిలి పెడుతూ పోతే, పళ్లొచ్చినా నమలదు.

అక్క ఆవిడ మెడవైపు చూసింది. డాక్టరమ్మ చెవికింద కూడా ఒక పట్టీ ఉంది, చిన్నది, ఒంటి రంగుది. రిపోర్టులు రాసుకోడానికట. అక్కడ అందరికీ ఉన్నాయి.

"మీరొక్క ముక్క రాయండమ్మా పాతదాంట్లో. ఆయనకి చూపించడానికి" అంది అక్క.

"ఏం రాయమంటారు?"

"మీ అమ్మగారి గురించి రాయండి."

ఆవిడ పట్టీ తీసి బల్లమీద పెట్టి, కీబోర్డు ముందు కూర్చున్నారు. వేళ్లు పెట్టేరు. చిన్నగా నవ్వేరు. కాసేపటికి నవ్వు పోయింది. తెరమీద తెలుపు అలాగే ఉంది. తెల్లకోటు కుర్రాడొకడు ఏదో అందించబోతే చెయ్యెత్తి ఆపేరు.

"ఏదో ఒకటి వస్తుందని చూస్తున్నాను" అన్నారు కొంతసేపయ్యాక. గొంతులో ఏమీ లేదు. బస్సు వస్తుందని చూస్తున్నాను అన్నట్టు.

అక్క లేచి కొత్త పట్టీ బావకి తనే మళ్లీ అంటించింది. ఆయన ముందు నేలమీద కూర్చుని మోకాళ్లు పట్టుకుంది.

"ఏమండీ. నేను ఇక్కణ్ణించి ఇటే వెళ్లిపోతాను. మళ్లీ రాను. మీరు ఇక్కడే ఉంటారు. సరేనా?"

పెట్టె రెప్పపాటు ఆగలేదు. "శ్రీమతి వరహాలమ్మ గారి నిష్క్రమణకు నేను నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతం గానీ ప్రోద్బలం గానీ లేకుండా సమ్మతించడమైనది. ఈ విషయమై ఇకమీదట నేను గానీ నా వారసులు గానీ ఎట్టి తగాదా చేయబోము."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఇదీ ఆయన సమ్మతేనామ్మా?" అనడిగింది అక్క.

డాక్టరమ్మ సమ్మతి కాయితాలు తీసి సొరుగులో పెట్టేసేరు. సొరుగు మూసేక కూడా చెయ్యి దానిమీదే ఉంచేరు.

"పాతదానికి వెళ్తే, ఇక ఎప్పటికీ ఒక్క అక్షరం కూడా రాకపోవచ్చు. కొత్తదుంటే కనీసం దాహమైతే అడుగుతారు. ఆలోచించుకోండి" అన్నారు.

"దాహం నాకు తెలుస్తాదిలెండి" అంది అక్క. "పెదాలు చూస్తే తెలుస్తాది."

తిరుగు ప్రయాణంలో, జీపులో, నేను ఉండబట్టలేక అడిగేను. "అక్కా, కొత్తది తీయించేశావు బాగానే ఉంది. మరి బావకి ఏది ఇష్టమో నువ్వూ అడగలేదు కదే. నువ్వూ ఆయన తరఫున చెప్పేసినట్టే కదా?"

అక్క బావ తల జీపు కుదుపుకి వాలకుండా భుజానికి ఆనించుకుంది. యలమంచిలి దాటేం.

"అడిగేను రా" అంది. "ఇంకా చెప్పలేదాయన. చెప్పేదాకా ఉంటాను."

ఇప్పుడు వాళ్లిల్లు ఎలా ఉందంటే, ఎలాగూ లేదండి. పార్టీలు రావడం మానేశారు. కుర్చీలో బావ. ఎదురుగా పాత కంప్యూటరు, తెల్ల కాయితం, మిటుకు మిటుకుమనే గీత. అక్క పొద్దున్నే అది వెలిగిస్తాది, పడుకునేముందు ఆపుతాది. లోవరాజు వచ్చి, ఏమీ అడక్కుండా గెడ్డం గీసి వెళ్లిపోతాడు. నేను సోడా బండి కట్టేసేక వెళ్లి బావకి కబుర్లు చెప్తాను. రైలు కదిలిపోయిన కబురు చెప్పేను. నా సోడా గేసుకి ఒక పెళ్లికొడుకు గుర్రం మీద నుంచి తేలి పెళ్లికూతురింటి డాబామీద దిగిన కబురు చెప్పేను. బావ నవ్వేడని నేను మీకు చెప్పొచ్చు. కట్టుకథలు చెప్పుకునేవాణ్ణి, నాకదెంత పని. నవ్వలేదు. రెప్ప వేసేడు. ఆ రెప్ప నా కబురుకి వేసేడో, ఊరికే వేసేడో కూడా తెలీదు.

మొన్న నేనక్కడుండగానే ఫోను మోగింది. విశాఖ నుంచి డాక్టరమ్మ. అక్క చేతులు గోంగూర మట్టితో ఉన్నాయి, నన్ను స్పీకరు నొక్కమంది. గొంతు బయటికి వినిపిస్తోంది.

"ఏమైనా రాశారా అమ్మా?" అన్నారావిడ.

అక్క తెల్లటి తెరవైపు చూసింది. ఎంతసేపు చూసిందంటే, నేను ఫోను కట్టయిందనుకున్నాను.

"రాస్తన్నారమ్మా" అంది.

తర్వాత, "నేను పట్టీ తీసి చాలా రోజులైంది. ఏమీ రావడం లేదు" అన్నారు డాక్టరమ్మ. "కాసేపు లైన్లో ఉండొచ్చా?"

"ఉండండి."

అక్క కళ్లతోనే చెప్పింది నాకు. నేను ఫోను తీసుకెళ్లి బావ పక్కన, కీబోర్డుకి ఆనించి పెట్టేను. అక్క గోంగూర ఒలవడానికి కూర్చుంది. ఆవిడ అటు, ఆయన ఇటు, ఎవరూ ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు.